అమ్మమ్మ అనుమానం, పాప తూకం

మా అమ్మమ్మ ఒళ్ళో పడితే పసిపిల్లలే కాదు, పోలీసు కుక్కలు కూడా గుర్రుపెట్టి నిద్రపోతాయి. ఆవిడ జోకొడుతుంటే ఎదురింటి రేడియో కూడా దానంతటదే ఆగిపోయిందని ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించింది ఆవిడేననుకోండి, అది వేరే సంగతి.

ఇంత గొప్ప మనిషికి లోకం మీద మాత్రం రవ్వంత నమ్మకం లేదు. ఆవిడ జీవితమంతా పాత కాగితాలు, తుక్కు ఇనుము కొనే కొట్టు నడిపింది. కట్ట మధ్యలో తడి కాగితం దాచేవాళ్ళను చూసింది, డబ్బాలో రాయి వేసి మూత బిగించేవాళ్ళను చూసింది. తక్కెడ పళ్ళెం కింద అయస్కాంతం అంటించిన వాళ్ళను కూడా చూసింది. ఆ అయస్కాంతం ఎవరిదని అడిగితే మాత్రం మాట మార్చేస్తుంది. కొట్టు మూసేసినా వీధిలో ఆవిడ పేరు ఇప్పటికీ తక్కెడమ్మే.

అలాంటి ఇంట్లో అక్కకి పాప పుట్టింది. పిడికెడంత పిల్ల, ఏడుపు తక్కువ, నిద్ర ఎక్కువ. చూసినవాళ్ళంతా బంగారుతల్లి అన్నారు. రెండు వారాలకి తూకానికి తీసుకెళ్తే, ఆసుపత్రిలో ఒక్క నర్సమ్మే అనలేదు. ఆవిడ పాపను తూచి, ముల్లు వైపు చూసి, మళ్ళీ తూచి పెదవి విరిచింది.

"పుట్టగానే కాస్త తగ్గడం మామూలేనమ్మా. కానీ ఈపాటికి పుట్టినప్పటి బరువుకి వచ్చేయాలి. రాలేదు. ఇంకొన్నాళ్ళు చూద్దాం, పెరగకపోతే పెద్ద డాక్టరుకి చూపించాలి."

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా పాలు చాలడం లేదేమో అమ్మమ్మా."

అమ్మమ్మ అక్కను చూడలేదు, తక్కెడను చూసింది. అది తెల్ల రంగు వేసిన పాత తక్కెడ, ఒక కాలు కింద మడిచిన అట్టముక్క. నర్సమ్మ మోచెయ్యి పళ్ళేనికి బాగా దగ్గరగా ఉంది. బీరువా మీద పాలపొడి డబ్బాలు వరసగా ఉన్నాయి. ఆహా, అనుకుంది అమ్మమ్మ. బరువు తగ్గిందని బెదిరించడం, డబ్బా అంటగట్టడం. ఇలాంటి యాపారాలు తనకి తెలియనివా?

దారిలో బావతో అదే అంది. "ఆ తక్కెడ దొంగది."

"ఆసుపత్రి తక్కెడ దొంగదేంటి అమ్మమ్మా?"

"నువ్వు నోరు మెదపకు. మొన్న కొన్న బియ్యం బస్తా తూకం తగ్గినా కనిపెట్టలేని వాడివి."

ఇంటికి వచ్చినా అనుమానం ఊరుకోనివ్వలేదు. అక్క సరిగ్గా తినడం లేదేమోనని కంచంలోకి తొంగి చూసింది. బావ పాపను ఎత్తుకుని ఊపేస్తుంటే తాగిన పాలు అరక్కముందే బయటికి వస్తున్నాయేమోనని వెనకాలే తిరిగింది. మనసు నిలవక, పుట్టినప్పటి నుంచీ చేస్తున్నట్టే రోజూ మధ్యాహ్నమంతా పాపను ఒళ్ళో వేసుకుని జోకొట్టింది. పాప హాయిగా పడుకుంది. పాలిచ్చే వేళ దాటుతోందని అక్క రెండుసార్లు వస్తే, "పడుకున్న పిల్లని లేపుతావా, బుద్ధుందా?" అని తరిమేసింది.

మళ్ళీ తూకానికి వెళ్ళే రోజున అమ్మమ్మ సంచీ ఎందుకో బరువుగా వేలాడుతోంది. ఆసుపత్రిలో పాప బట్టలు విప్పేలోపు ఆవిడ సంచీలోంచి తన కొట్టు నాటి రెండు కిలోల ఇనుప తూకపు రాయి తీసి తక్కెడ పళ్ళెంలో ధన్‌మని పెట్టింది.

"అయ్యో, ఏంటమ్మా ఇది! పిల్లల్ని తూచే తక్కెడ!" అని అరిచింది నర్సమ్మ.

"పిల్లయినా ఇనుమైనా ముల్లుకి ఒకటే. నువ్వు చెయ్యి తియ్యి."

నర్సమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. ముల్లు ఊగింది, ఊగింది, సరిగ్గా రెండు దగ్గర ఆగింది. అమ్మమ్మ వంగి పళ్ళెం కింద వేలు పెట్టి తడిమింది. ఏమీ లేదు. ఆవిడ మొహంలో రంగు మారింది. తక్కెడ నిజమైనదైతే తగ్గిన బరువూ నిజమే.

ఇనుప రాయి తీసి పాపను పడుకోబెట్టారు. పోయినసారి కన్నా పెరిగింది ఏమీ లేదు.

"మీ అనుమానం తీరిందిగా?" అంది నర్సమ్మ. "ఇప్పుడు నాకొచ్చింది అనుమానం. ఇంట్లో పాప ఎలా ఉంటుంది?"

"బంగారం! ఒళ్ళో వేసుకున్నానంటే మధ్యాహ్నమంతా కన్ను తెరవదు. తల్లి వచ్చి లేపబోయినా నేనే లేపనివ్వను."

నర్సమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "మరి తాగేదెప్పుడమ్మా?"

అమ్మమ్మ పాప వైపు చూసి, తర్వాత తన ఒడి వైపు చూసుకుంది.

"ఇంత చిన్న పిల్లకి ఆకలేసినా లేచి అడిగే ఓపిక ఉండదు. బరువు పెరిగేదాకా మీరే లేపాలి. రెండు మూడు గంటలకోసారి, రాత్రయినా సరే. తాగుతుంటే గుటక వినండి. ఊరికే చప్పరిస్తోందా, మింగుతోందా అని. తడి గుడ్డలెన్ని మారుస్తున్నారో కూడా చూసుకోండి. అమ్మాయీ, ముందు నువ్వు ఏడుపు ఆపు. పాపకి పాలు పట్టు, నా కళ్ళతో చూస్తా."

అక్క పట్టింది. నర్సమ్మ చెవి ఒగ్గి విని తల ఊపింది. "పాలకేం లోటు లేదు. తాగనిస్తే కదా!"

ఆ రోజు నుంచి అమ్మమ్మ తన విద్యకి తనే శత్రువైంది. పాప అరికాళ్ళు గీరేది, దుప్పటి లాగేసేది, గుడ్డ మార్చేది. పాప గుక్కపెట్టి ఏడిస్తే పక్కింటావిడ గోడ మీంచి, "పిల్లని ఏం చేస్తున్నావ్ తక్కెడమ్మా?" అని అనుమానంగా అడిగేది. అక్క పాలిస్తుంటే అమ్మమ్మ దొంగసరుకు పట్టుకోవడానికి కాపు కాసినట్టు ఎదురుగా కూర్చుని, "ఆఁ, మింగింది. ఇది మింగలేదు, నాటకం" అంటూ గుటకలు వినేది. అక్కకి ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది.

తర్వాతి తూకానికి పళ్ళెం దగ్గర ఎవరూ ఊపిరి తీయలేదు. ముల్లు పుట్టినప్పటి బరువు దాటి ఆగింది. అక్క బావ చెయ్యి పట్టేసుకుంది. అమ్మమ్మకి మాత్రం నమ్మకం కుదరలేదు. "గుడ్డేదైనా ఉండిపోయిందేమో చూడమ్మా. ఇంకోసారి తూచు." నర్సమ్మ నవ్వుతూ మళ్ళీ తూచింది. అంతే ఉంది. అప్పుడు అమ్మమ్మ గోడవైపు తిరిగి చాలాసేపు ముక్కు చీదుకుంది. జలుబట.

ఇంటికొచ్చాక, ఇదంతా రాస్తున్న మనవడు ఊరుకోలేక అడిగాడు. "అమ్మమ్మా, నర్సమ్మకి ఒక్క మాట, తప్పయిందని చెప్పొచ్చుగా?"

"ఎందుకు చెప్పాలిరా? తూచడం ఆవిడ పని, అనుమానించడం నా పని. నీకే ఏ పనీ లేదు. లే, వెళ్ళి ఆ తడి గుడ్డలు ఆరెయ్."