నూరా పేరు మీది బండి

సౌదీలోని జుబైల్‌కు వచ్చి పదకొండేళ్ళయినా రేష్మా ఇకామాలో, అంటే నివాసపు కార్డులో, ఆమె హోదా మారలేదు. ఆమె మస్తాన్ వలీ భార్య, అంతే. అతను ఒక ప్లాంటులో ఆపరేటరు. ఇద్దరిదీ ప్రొద్దుటూరు. కూతురు అమీనా బడికి పోవడం మొదలయ్యాక రేష్మా అజీర్ పర్మిట్ తీసుకుని ఒక స్కూలు క్యాంటీన్‌లో వంటకు చేరింది. భర్త వీసా మీద వచ్చిన ఆడవాళ్ళు ఆ పర్మిట్‌తో ఉద్యోగం చేసుకోవచ్చు. ఒకరి దగ్గర జీతానికి మాత్రమే.

క్యాంటీన్ కాంట్రాక్టు నూరా అనే సౌదీ ఆమెది. భర్త పోయిన మనిషి, అరవై దాటింది. ఒంటిమీది నల్ల అబాయాకు పిండి అంటుతున్నా లెక్కచేయక వంటగదిలోకి వచ్చి, రేష్మా వేసే మిరపకాయ బజ్జీలను పొయ్యి పక్కనే నిలబడి తినేది.

ప్లాంట్లు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనుల కాలంలో వేలమంది వెల్డర్లు, ఫిట్టర్లు ఊళ్ళోకి దిగుతారు. పొద్దున్నే మన తిండి దొరక్క బన్ను, టీతో సరిపెట్టుకుంటారు. వాళ్ళకోసం ఒక ఫుడ్ ట్రక్కు పెట్టాలని రేష్మాకు పట్టుకుంది. బ్యాంకుకు పోతే అక్కడి కుర్రాడు ఆమె కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మేడమ్, డిపెండెంటుకు లోన్ ఇవ్వరు. ట్రక్కు లైసెన్సు కూడా మీ పేరున రాదు" అన్నాడు.

ఆ మాట విన్న నూరా తేలిగ్గా నవ్వేసింది. "లైసెన్సు నా పేరున తీస్తా. కాగితాల్లో నువ్వు నా వంటమనిషివి. బండి నీది. లాభంలో నాకో వాటా ఇవ్వు, చాలు" అంది తనకు వచ్చిన ఉర్దూలో.

మస్తాన్ వలీ ఒప్పుకోలేదు. "ఏమే, సౌదీవాళ్ళ పేరు మీద మనం యాపారం చేస్తే కేసంట. పట్టుకుంటే ఎగ్జిట్ కొట్టి పంపిస్తారు."

"పదకొండేండ్లు బయపడుకుంటానే బతికితిమి గదా! ఏం మిగిలింది మనకు?"

చివరికి అతను ఒప్పుకున్నాడు. నల్లపూసలు తప్ప రేష్మా తన బంగారమంతా పక్క ఊరు దమ్మామ్‌లో అమ్మింది. మిగతా సొమ్ముకు మస్తాన్ వలీ తన జీతం మీద అయిదేళ్ళ లోన్ తీశాడు. నూరా ఒక నోటుపుస్తకం కాగితం చింపి, బండికి పెట్టిన డబ్బంతా రేష్మాదేనని అరబ్బీలో రాసి సంతకం చేసి ఇచ్చింది.

ఏడు నెలలు బండి నడిచింది. బొరుగుల ఉగ్గాని, కారం దోసె తొమ్మిది గంటలకల్లా అయిపోయేవి. జగిత్యాల ఫిట్టరొకడు రోజూ వచ్చేవాడు. "అక్కా, నీ చేతి దోసె తిన్నంక క్యాంపుల బువ్వ తినబుద్ధయితలేదు" అనేవాడు. రేష్మా జీవితంలో నిండుగా నవ్వింది ఆ ఏడు నెలలే.

రంజాన్ రెండో వారంలో నూరా నిద్రలోనే పోయింది. ఆ ఇంట మూడు రోజులు రేష్మా ఏడుస్తూనే వంట చేసింది. తుర్కీ అనే నూరా కొడుకు తాయిఫ్ నగరం నుంచి వచ్చి, అక్కచెల్లెళ్ళతో పంచుకోవడానికి తల్లి ఆస్తి జాబితా రాయించాడు. ఇల్లు, కారు, ఫుడ్ ట్రక్కు.

రేష్మా నూరా రాసిచ్చిన కాగితం పట్టుకుని టైపింగ్ ఆఫీసుకు పరుగెత్తింది. అక్కడ అరబ్బీ దరఖాస్తులు రాసే ఇష్తియాక్ అనే పాకిస్తానీ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి ఆమె చేతిలోనే పెట్టాడు.

"బాజీ, ఇది చూపిస్తే డబ్బు మీదని తేలుతుంది. అప్పుడు వ్యాపారమూ మీదేనని తేలుతుంది. జరిమానా వేస్తారు, దేశం దాటిస్తారు, మళ్ళీ రానివ్వరు. మీ ఆయన ఉద్యోగం కూడా పోతుంది. ఎవరికీ చూపించకండి."

అయినా మొగుడూ పెళ్ళాలు తుర్కీ దగ్గరికి వెళ్ళారు. అతను మర్యాదస్తుడు. కూర్చోబెట్టి అరబ్బీ కాఫీ కహ్వా పోశాడు. "మా అమ్మ మీ గురించి ఎప్పుడూ చెప్పేది. మీ జీతం ఏమైనా రావాలా?" అని అడిగాడు.

"రెండు నెలలది" అంది రేష్మా, కాగితాల్లోని వంటమనిషిగానే.

అతను మూడు నెలలది లెక్కపెట్టి ఇచ్చాడు. "ఇంకేమైనా ఉందా?"

ఆమె నోరు తెరిచింది. మస్తాన్ వలీ తివాచీ వైపే చూస్తున్నాడు.

"లేదు" అంది.

ఇంకేమీ రావలసింది లేదని ఉన్న రసీదు మీద సంతకం పెట్టింది. ఇంటికి వచ్చి వంటింట్లో నేలమీద కూలబడి, పొద్దుగుంకేదాకా లేవలేదు.

నూరాతోపాటు రేష్మా పర్మిట్టూ పోయింది. లోన్ కంతులకు, భార్యాబిడ్డల ఇకామా ఫీజులకు పోగా ఇంటి అద్దెకు డబ్బు మిగలలేదు. సామాన్లు అమ్ముతూ ఒకరోజు రేష్మా ఉండబట్టలేక అడిగింది. "నన్నొక మాటన్నా తిట్టవేం?"

"ఏమని తిట్టేది? లోన్‌కు సంతకం పెట్టింది నేనే గదా" అన్నాడతను.

ఆమె కూతుర్ని తీసుకుని ఎగ్జిట్ వీసా మీద ఊరికి వచ్చేసింది. అతను కంపెనీ క్యాంపుకు మారాడు, గదికి అయిదుగురు. లోన్ తీరడానికి ఇంకా నాలుగేళ్ళుంది. ప్రొద్దుటూరులో రేష్మా పెళ్ళివంటల మేస్త్రీ దగ్గర ఉల్లిగడ్డలు తరిగే కూలికి పోతోంది. పొయ్యి దగ్గరికి రమ్మంటే వెళ్ళదు.

శుక్రవారం మస్తాన్ వలీ ఫోన్ చేస్తాడు.

"ఏం తింటివి?" అని ఆమె అడుగుతుంది.

"మెస్‌లో పప్పు."

 ఆ తర్వాత కూడా చాలాసేపు ఇద్దరూ ఫోన్ పెట్టేయరు.