ఖాసింబీ నీళ్లు మానేసిన సంగతి

2023 ఎండాకాలం. నరసరావుపేటలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. వచ్చేవాళ్లలో సగంమంది మోకాళ్ల నొప్పులవాళ్లే. కీలులో ఎముకల మధ్యుండే మెత్తటి పొర అరిగిపోవడాన్ని మేం ఆస్టియో ఆర్థరైటిస్ అంటాం. జనం మాటలో "గుజ్జు అరిగింది."

ఖాసింబీకి అరవై ఎనిమిదేళ్లు. కారంపూడి. వెల్డింగ్ పనిచేసే కొడుకు బాజీ బండి మీద తీసుకొచ్చేవాడు. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు, కండ బలపడితే చాలని డాక్టరు రాసి పంపారు. తొడ ముందుభాగంలో ఉండే క్వాడ్రిసెప్స్ కండరానికి వ్యాయామాలు నేర్పాను. ఒక్కరోజు కూడా మానలేదామె. పెయిన్ స్కోర్, అంటే నొప్పికి పదింట రోగి వేసే మార్కు, ఐదు వారాల్లో ఎనిమిది నుంచి నాలుగుకి దిగింది. నా పని బాగా సాగుతోందనుకున్నాను.

ఆరో వారం బల్ల మీంచి లేస్తూ కళ్లు తిరిగి నా భుజం మీద వాలిపోయింది. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. బీపీ చూస్తే బాగా తక్కువ.

"నీళ్లు తాగుతున్నావా పెద్దమ్మా?"

"తాగుతున్నాలే" అంటూ కొడుకు వంక చూసింది.

ఆ చూపుతో అనుమానం వచ్చింది. ఓఆర్ఎస్ తెమ్మని బాజీని మందుల షాపుకి పంపి, తలుపు దగ్గరికేసి, పక్కన కూర్చున్నాను.

"దొడ్డికి కూర్చుంటే లేవలేనమ్మా" అంది, గోడవైపు తిరిగి. "రంజాను ముందు లోపలే కూలబడ్డా. కోడలొచ్చి లేపింది. చిన్నపిల్లకి మల్లే కడిగింది. బాజీకి చెప్పొద్దని బతిమాలా. ఆ రోజు నుంచి మధ్యాన్నం దాటితే నీళ్లు ముట్టుకోను. చుట్టాలిళ్లకి పోవటం కూడా మానేశా. గురజాలలో మా చెల్లెలి మనవరాలి నిఖా అయితే, జొరమని అబద్ధం చెప్పా."

ఐదు వారాలు ఆ మోకాలు పట్టుకుని కూర్చున్నదాన్ని, ఇది అడగనేలేదు.

"బాజీకి చెప్పనా?"

"నువ్వే చెప్పు. నా నోటితో చెప్పలేను."

చెప్పాను. ఓఆర్ఎస్ ప్యాకెట్లతో తిరిగొచ్చిన వాడు వాటిని బల్ల మీద పెట్టి తల్లి వైపు తిరిగాడు. "ఏందమ్మా ఇది? ఊళ్లో అందరికీ గేట్లు చేసేవాణ్ణి. నాతో ఒక్క మాట అనకూడదా?"

"కొడుకుతో చెప్పే మాటేనా అది?"

వెంటనే డాక్టరు దగ్గరికి పంపాను. మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా ఉందని తేలింది, మందులతో తగ్గింది. తర్వాత అసలు పని మొదలుపెట్టాం. చేతులు ఆనించకుండా ఎంత ఎత్తు నుంచి లేవగలదో, స్టూలు మీద దిండ్లు తగ్గిస్తూ, పెంచుతూ చూశాను. పద్దెనిమిది అంగుళాలు తేలింది. బాజీ ఆ కొలతకి ఇనప స్టాండు చేసి, పైన ప్లాస్టిక్ సీటు బిగించి, మరుగుదొడ్డి బేసిన్ మీద నిలబెట్టాడు. పక్క గోడకి పట్టుకోవడానికి రాడ్డు వేశాడు. స్టాండు కాళ్లు మడత పడేట్టు చేయడం మాత్రం వాడి తెలివే.

ఇంట్లోనూ క్లినిక్‌లోనూ కుర్చీలోంచి లేవడం, మళ్లీ కూర్చోవడం సాధన చేయించాను. నెల తిరక్కుండానే నీళ్లు మామూలుగా తాగడం మొదలుపెట్టింది. మొహంలో కళ వచ్చింది.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం ఫోన్ చేసింది. "డాక్టరమ్మా, గురజాలలో ఉన్నా. మూడు రోజులైంది. స్టాండు ఆటోలో వేసుకొచ్చా. మా చెల్లెలు అది తిరిగి ఇవ్వనంటంది. దానికీ మోకాళ్ల నొప్పులేనంట, ఇన్నాళ్లూ దాచింది. బాజీని ఇంకోటి చెయ్యమన్నా."

ఫోన్లోనే ఇద్దరు ముసలాళ్లూ గట్టిగా నవ్వుతున్నారు.

అప్పటిదాకా నేను మోకాలు ఎంత వంగుతుందో డిగ్రీల్లో కొలిచేదాన్ని. ఇప్పటికీ కొలుస్తాను, అది అవసరమే. కానీ పెద్ద వయసు ఆడవాళ్లెవరొచ్చినా ముందు వెంట వచ్చినవాళ్లని బయట కూర్చోమంటాను. "ఈ నొప్పి వల్ల ఏం మానేశావు?" అని అడిగి, ఆగుతాను. మొదట "ఏం లేదమ్మా" అంటారు. నేను కుర్చీలోంచి లేవను. కాసేపటికి చెబుతారు.