దీవెనకు ధైర్యం తక్కువట

కోయిలకుంట్ల పక్క పల్లెలో దీవెన వాళ్ల చర్చిలో ఆదివారం సాక్ష్యం చెప్పే ఆనవాయితీ ఉంది. వారమంతా ఎక్కడ తప్పామో, ఎలా తేరుకున్నామో అందరి ముందూ నిలబడి చెప్పాలి. చిన్నప్పుడే లేచి, లెక్కల్లో సున్నా వచ్చిందని చెప్పిన పిల్ల దీవెన. ఆ అలవాటే కర్నూలు ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె కొంప ముంచింది.

కంప్యూటర్ల మొదటి ఏడాది ల్యాబులో ఎవర్ని అడిగినా "అయిపాయె సార్" అనేవాళ్లు. ప్రోగ్రాంలో తప్పుందని తెర మీద ఎర్ర రాతలు రాగానే గబుక్కున మూసేసి, పక్కవాడి ప్రోగ్రాం ఎక్కించుకోవడం అక్కడి మర్యాద. దీవెన మాత్రం లేచి, "నాది నడవలేదు సార్, ఇంకా తప్పులుండాయి" అనేది.

వీరభద్ర సారు ల్యాబుతో పాటు ఆత్మవిశ్వాసం కూడా నేర్పేవారు. శనివారం పూట అందరిచేత పిడికిళ్లు బిగింపజేసి, "నాకన్నీ వచ్చు" అని అరిపించేవారు. బద్వేలు బట్టల కొట్టు వాళ్లబ్బాయి ప్రదీప్‌కుమార్ అద్దాలు అదిరేలా అరిచి బహుమతి కొట్టేశాడు. దీవెన మాత్రం అరవకుండా సారునే అడిగింది.

"రానిది వచ్చని ఎట్ల చెప్పల్ల సార్?"

"నీకు ధైర్యం లేదమ్మా. ఈ ల్యాబు పరీక్ష తప్పితే సివిల్ బ్రాంచికి మారిపో" అన్నారాయన.

 కంప్యూటరంటే దీవెనకు ప్రాణం.

పరీక్షకు బయటి కాలేజీ నుంచి వచ్చిన మేడమ్ కొత్త ప్రశ్న ఇచ్చింది. బట్టీ పట్టినదేదీ పనికిరాలేదు. ఎర్ర రాతలు రాగానే ప్రదీప్‌కుమార్ మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు. సిస్టం చెడిపోయిందని చెప్పి బయటికి నడిచాడు. ఆ పూట సగం ల్యాబులో కంప్యూటర్లు ఒక్కసారే చెడిపోయాయి.

దీవెన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఒక తప్పు దిద్దితే ఇంకోటి లేచింది. ఏడుపొచ్చింది, ముక్కు తుడుచుకుని దాన్నీ దిద్దింది. చివరికి ప్రోగ్రాం నడిచింది.

"భయం వేయలేదా?" అంది మేడమ్, మార్కులు వేస్తూ.

"శానా వేసింది మేడమ్."

వరండాలో ప్రదీప్‌కుమార్ ఎదురుచూస్తున్నాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"దీవెనా, ఆ ఎర్రవి వస్తే నువ్వేం చేస్తావు?"

"చదువుతా. తప్పు యాడుండాదో దాంట్లోనే రాసుంటాది కదప్పా."

ప్రదీప్‌కుమార్ తలుపులోంచి ల్యాబు తెరల వైపు చూశాడు.

"అవి చదివేటివా?" అన్నాడు.