గొర్రె చెవి మార్చే హక్కు

ఆ ఈమెయిల్ చాలా మర్యాదగా ఉంది. మర్యాదగా ఉండే ఈమెయిళ్లంటే నాకు భయం. మీరు చూసుకుంటున్న ఆటకు లైసెన్స్ స్పష్టంగా లేదు, స్పష్టం చేయండి, లేకపోతే తొలగించక తప్పదు అని దాని సారాంశం.

నేను ఆత్మకూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మిగిలిన సమయంలో జీతం బత్తెం లేని పని ఇంకొకటి చేస్తాను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఒకచోట పోగుచేసి, కావలసిన వాళ్లకు ఉచితంగా అందించే బృందం ఒకటుంది. దేశదేశాల్లో ఉన్నవాళ్లు ఊరికే పనిచేస్తారు. అందులో ఒక పాత ఆట బాగోగులు నావి. దాన్ని రాసినవాడు నాతోపాటు ఆత్మకూరులో కంప్యూటర్ కోర్సు చదివాడు. ఉదయగిరి దగ్గరి ఊరు, గొర్రెల కాపరుల ఇల్లు. ఇప్పుడు లేడు. కామెర్లు ముదిరి పోయాడు. పెళ్లి కాలేదు, తల్లి అంతకుముందే పోయింది. వాడి వెనక మిగిలింది తండ్రి, ఆయన మేపే జీవాలు, ఈ ఆట.

ఆటలో రెండు మందలు కుంటలో నీళ్లు తాగుతూ కలిసిపోతాయి. చీకటి పడి తోడేలు రాకముందే మన గొర్రెల్ని వేరుచేసి దొడ్డికి తోలుకోవాలి. అన్నీ ఒక్కలాగే ఉంటాయి, చెవి తప్ప. అక్కడి కాపరుల్లో ఒక్కో ఇంటికి ఒక్కో చెవికోత ఉంటుంది. గొర్రెపిల్ల కాస్త గట్టిపడగానే చెవికి ఆ ఇంటి గంటు పెడతారు. ఆటలో మన గొర్రెలకు వాడు తన సొంత ఇంటి గంటే పెట్టాడు. ఎడమ చెవి కొస చీలి ఉంటుంది, కింద నెలవంకలాగా చిన్న కోత.

ఆటతోపాటు వాడు పెట్టిన ఫైల్లో ఉన్నది ఒకే మాట: ఎవరైనా ఆడుకోవచ్చు. అంతకంటే ఏం చెప్పాలో వాడికి తెలియదు. ఆడుకోవచ్చు, సరే. పంచవచ్చా? అమ్మవచ్చా? మార్చవచ్చా? మా బృందంలో ఉండాలంటే మూడింటికీ అవునని రాతపూర్వకంగా ఉండాలి. ఇన్నేళ్లూ ఎవరూ గమనించలేదు, ఇప్పుడు గమనించారు. చట్టప్రకారం ఆ మాట చెప్పగలిగింది ఇక వాళ్ల నాయన ఒక్కడే.

ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను. వాళ్ల నాయనను నేను పెదనాయనా అనే పిలుస్తాను. ఆయన దొడ్డి దగ్గర ముళ్లకంప సరిచేస్తున్నాడు. ఆట తెరిచి చూపిస్తే చెయ్యి పంచెకు తుడుచుకుని దగ్గరికి వచ్చాడు.

"ఇది మన జీవమే" అన్నాడు. తెర మీద చెవి దగ్గర వేలు పెట్టి చూపించాడు.

"దీన్ని ఎవురికైనా ఇయ్యొచ్చా పెదనాయనా?"

"ఇయ్యి. వాడు చేసిందే ఆడుకోమని గదా."

"ఎవురైనా అమ్ముకుంటే?" నేను భయపడింది ఈ ప్రశ్నకే. ఆయన నవ్వాడు.

"జీవాన్ని సాకేదే అమ్మేదానికి. అమ్ముకోనీ."

"ఎవురైనా మార్చుకుంటే?"

"మార్చేదేంది?"

"కొండ, కుంట, గొర్రెలు, ఏదైనా."

"చెవి గూడానా?"

"చెవి గూడా."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "పాపా, జీవం తప్పిపోయి ఇంకోడి మందలో కలిస్తే వాడు మేపుతాడు, పోయి అడిగితే ఇస్తాడు. తప్పు లేదు. గంటు మీద గంటు పెట్టినోడిని మాత్రం దొంగంటారు. దొంగతనానికి నా చేత సంతకం పెట్టిచ్చేదానికి వచ్చినావా?"

నాకు ఒళ్లు మండింది. ఇది బొమ్మ, ఎంతమంది మార్చుకున్నా మీవాడు చేసింది అట్లనే ఉంటుంది అన్నాను. "అట్లనే ఉండేదానికి మార్చేదెందుకు?" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనుకుంటూ తిరుగు బస్సెక్కాను. దారి పొడుగునా ఆయన్ని తిట్టుకున్నాను. ఆయనకు కాకపోతే ఇంకెవరికి కోపం రావాలి అన్న ఆలోచన ఆత్మకూరు బస్టాండులో దిగాకగానీ రాలేదు.

కొన్నాళ్లకు గొర్రెలకు నట్టల మందు కొనడానికి ఆత్మకూరు వచ్చి, ఆయనే మా ఇంటికి వచ్చాడు. ఇచ్చిన టీ తాగకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"నేను ఒప్పుకోకుంటే దాన్ని తీసేస్తారా?"

"తీసేస్తారు."

"అయితే కొండ మార్చుకోనీ, తోడేలును మార్చుకోనీ. అన్నీ మార్చుకోనీ. చెవి మాత్రం వద్దు."

అదే రాశాను, ఆయన సంతకం పెట్టాడు. అంతకంటే దిగిరావడం ఆయన వల్ల కాదని నాకు తెలుసు. ఆ కాగితం చూసి బృందంవాళ్లు మళ్లీ మర్యాదగానే జవాబిచ్చారు. ఒక్క షరతున్నా అది స్వేచ్ఛ కాదన్నారు. కావాలంటే ఆ ఒక్క బొమ్మ తీసేసి కొత్త చెవి గీయండి, మిగిలిన ఆటంతా ఉండవచ్చు అన్నారు. వాళ్లది తప్పనలేను. ఆ నియమాన్ని నమ్మి ఏళ్ల తరబడి పిల్లలకు బోధించినదాన్ని. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పెదనాయనకు ఫోన్ చేసి చెప్పాను. "ఎవురిదీ కాని గంటు ఒకటి నేనే గీసి పెడతాను. ఆట బతుకుతాది."

"ఎవురిదీ కాని గంటుంటే, వాడిదని ఎట్ట తెలుస్తాది?"

"లోపల ఫైల్లో పేరుంటాది పెదనాయనా."

"ఆ పేరు ఎవురు చదువుతారు పాపా? నువ్వు చదువుతావు." అవతల గొర్రెలు అరుస్తున్నాయి. ఆయన గొంతులో కోపం కూడా లేదు. "నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి. నన్ను మాత్రం ఇంక అడగబాక."

బొమ్మ తెరిచి పెద్దది చేశాను. అంత పెద్దది చేస్తే అది చెవిలాగా కూడా లేదు, నాలుగు నల్ల చుక్కలు. చెరపడం పెద్ద పనేం కాదు. చెయ్యి రాలేదు. చెరిపితే ఆట అందరికీ ఉంటుంది, వాడిది మాత్రం కాదు. చెరపకపోతే వాడిదే, కానీ ఎవరికీ ఉండదు. ఏది చేసినా వాడికి ద్రోహమే. కూర్చుని ఏడ్చాను.

తర్వాత ఎవరి మీదా కోపం మిగల్లేదు. లైసెన్స్ స్పష్టం కాలేదు, ఆటను తొలగించండి అని బృందానికి నేనే రాశాను. తొలగించారు. మొదటిసారి వాడికి మట్టి వేసింది వాళ్ల నాయన. రెండోసారి వేసింది నేను.