పులిహోర తప్పేమీ లేదు

మా వియ్యపురాలి పులిహోర తిని నేను ఆస్పత్రిలో చేరలేదు. నాకు సెలైన్ ఎక్కించలేదు. అంబులెన్స్‌లో వైజాగ్ తీసుకెళ్ళలేదు. గొలుగొండ వైపు మా బంధువుల్లో ఈ మాటలు ఇప్పటికీ తిరుగుతున్నాయి కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అందులో నా ప్రవర్తన ఏమంత బాగుండదు.

మాది నర్సీపట్నం. నాకు మోటారు పంపుల షాపు ఉంది. మా అమ్మాయిని యలమంచిలి దగ్గర ఇచ్చాం. వియ్యంకుడుగారు చెరకు రైతు, నిదానంగా మాట్లాడే మనిషి. వియ్యపురాలికి మాత్రం వాళ్ళ చుట్టాల్లో ఒక పేరుంది. ఆవ పెట్టిన పులిహోర ఆవిడ కలిపినట్టు ఎవరూ కలపలేరంటారు. వాళ్ళింట్లో ఏ కార్యమైనా వంటవాళ్ళు ఎంతమంది వచ్చినా, పులిహోర గంగాళం దగ్గరికి మాత్రం ఆవిడే వెళ్ళాలి. ఆవాలు మిక్సీలో వేస్తే చేదెక్కుతాయని అప్పటికప్పుడు రోట్లో నూరుతారు. మూత తీస్తే ముక్కులోంచి నడినెత్తికి ఘాటెక్కుతుంది. చెప్పుకోవడానికి ఆవిడకి నగలు లేవు, పొలాలు ఆయన పేరున ఉన్నాయి. పులిహోర ఒక్కటే ఆవిడ పేరున ఉంది.

పిల్లల పెళ్ళైన మొదటి చలికాలం, వియ్యంకుల్ని లంబసింగి తీసుకెళ్తానని నేనే అన్నాను. అంతటితో ఊరుకోలేదు.

"మాకు లంబసింగి సలి ఒక సలేటండి బావగారూ? సొక్కా మీద తిరిగొచ్చేస్తాం" అన్నాను ఫోన్‌లో. అంతకు ముందు నేను లంబసింగి వెళ్ళిన ప్రతిసారీ ఎండెక్కాకే వెళ్ళాను. ఆ సంగతి అడిగినవాళ్ళు లేరు.

బయల్దేరాల్సిన రోజు దగ్గర పడుతుండగా నాకు జ్వరం వచ్చింది. మా ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి, "ఒళ్ళు కాలిపోతంది. వచ్చే వారం ఎల్దామని సెప్పండి ఆళ్ళకి" అంది. నేను మెడికల్ షాపుకి వెళ్ళి మాత్రలు కట్టించుకున్నాను. తిన్నాక వేసుకోమని షాపాయన రెండుసార్లు చెప్పాడు. సాయంత్రానికి ఒళ్ళు చల్లబడింది. మళ్ళీ చెయ్యి వేసి చూడమని మా ఆవిణ్ణి నేనే పిలిచాను. చూసి, నమ్మింది.

తెల్లారకముందే అల్లుడు బండి తెచ్చాడు. పక్కన అమ్మాయి, మధ్య సీట్లో వియ్యంకులు, వెనక సీట్లో మేమిద్దరం. వియ్యంకుడుగారు కోతి టోపీ, దాని మీద మఫ్లరు, స్వెటరు మీద ఇంకో స్వెటరు. నేను చొక్కా మీద ఉన్నాను. లోపల జ్వరం మళ్ళీ మొదలైంది. బండి ఎక్కే ముందే, పొద్దుటివీ మధ్యాహ్నానివీ మాత్రలన్నీ కలిపి పరగడుపున మింగేశాను. రెట్టింపు వేసుకుంటే రెట్టింపు పని చేస్తుందని నా లెక్క. పంపుసెట్ల వ్యాపారంలో ఆ లెక్క చాలాసార్లు నిలబడింది.

డౌనూరు దాటాక ఘాట్ మొదలైంది. లంబసింగి వెళ్ళే దారి అందం గురించి నేను ఆ రోజు చూసింది చూసినట్టు చెప్పగలను గానీ, చూసినవాడి స్థితి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక మలుపులో లోయ ఎడమవైపు ఉండేది, ఇంకో మలుపులో కుడివైపు. మంచు రోడ్డు మీదికి పాకి వచ్చి, హెడ్‌లైట్ల ముందు కాసేపు నిలబడి, పక్కకి తప్పుకునేది. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్ల మొదళ్ళు కనిపించేవి, పై భాగం ఉండేది కాదు. వాటికి పాకిన మిరియాల తీగల నుంచి నీళ్ళు టపటప కారుతున్నాయి. అమ్మాయి అద్దం దించి, "నాన్నా, అటు సూడు, మబ్బు కింద నుంచి వస్తంది!" అంది. చూశాను. నా కడుపు కూడా కింద నుంచి పైకి వస్తోంది.

ఆ చలిలో జ్వరం దాచుకోవడం చాలా సులువు. నేను వణికితే అందరూ వణుకుతున్నారు. నా పళ్ళు టకటకలాడితే వియ్యంకుడుగారి పళ్ళు జవాబిచ్చాయి. చిక్కు తర్వాత వచ్చింది. లంబసింగిలో బండి దిగి, రోడ్డు పక్క నెగడు చుట్టూ అందరూ చేతులు చాపి నిలబడి ఉండగా, మాత్రలు పనిచేసి నాకు చెమట పట్టింది. నుదురు, మెడ, చొక్కా వీపు అంతా తడిసిపోయింది.

వియ్యంకుడుగారు మఫ్లరు కిందికి లాగి నన్ను చూశారు. "ఒసేయ్, బావగారికి సెమట పడతందే! లంబసింగిలో! ఇటు సూడు!"

"అన్నయ్యగారు గట్టిమనిషి" అన్నారు వియ్యపురాలు.

"అలవాటండి" అన్నాను నేను.

మా ఆవిడ మాత్రం చీర కొంగు సర్దుకుంటున్నట్టుగా దగ్గరికొచ్చి, చేతి వెనకభాగం నా మెడకి ఆనించి తీసేసింది. నా మొహంలోకి చూసింది. వియ్యంకుల ముందు మొగుణ్ణి అబద్ధాలకోరు చెయ్యకూడదని ఊరుకుందని తర్వాత చెప్పింది.

ఎండ కాస్త తేలాక, వలిసె చేలు పూలతో పసుపు పచ్చగా కనిపించే చోట బండి ఆపి వియ్యపురాలు క్యారేజీ విప్పారు. అరటాకుల్లో పులిహోర. ఆ పొద్దున చీకట్లో లేచి ఆవ నూరి కలిపారట. నాకు అన్నం పేరెత్తితే కడుపులో తిప్పుతోంది. తిననంటే ఎందుకని అడుగుతారు. అందుకని తిన్నాను. తిన్నది చాలదన్నట్టు మళ్ళీ వేయించుకున్నాను. "అన్నయ్యగారికి నచ్చింది" అని ఆవిడ ఇంకో గరిటె వేశారు.

దిగేటప్పుడు ఒక మలుపులో కల్వర్టు దగ్గర బండి ఆపించాను. ఆపేలోపే సగం పని అయిపోయింది. మిగతాది కల్వర్టు గోడ పట్టుకుని పూర్తి చేశాను. అల్లుడు నీళ్ళిచ్చాడు. అందరూ చుట్టూ చేరారు.

వియ్యంకుడుగారు నా వీపు నిమురుతూ, "ఏటి తిన్నారు బావగారూ పొద్దున్నుంచి?" అన్నారు.

అప్పుడు నేను అన్న మాట ఇది: "పులిహోర తప్ప ఏటీ తినలేదండి."

అందులో అబద్ధం లేదు. చాలాకాలం నేను ఆ వాక్యం మీదే నిలబడ్డాను. మాత్రలు తినడం కిందికి రావు, మింగడం కిందికి వస్తాయి అని కూడా ఒకసారి అనుకున్నాను.

వియ్యపురాలు బండి దగ్గరికి వెళ్ళి క్యారేజీ తీసి, మూత విప్పి వాసన చూశారు. వేలితో కొంచెం తీసి నాలిక మీద వేసుకున్నారు. మళ్ళీ వాసన చూశారు. వియ్యంకుడుగారు ఓదార్పుగా, "మనందరికీ బాగానే ఉంది కదే. బావగారి ముద్దలోనే ఏదో పడుంటాది" అన్నారు. ఓదార్పు మాటల్లో అంతకంటే పాడుమాట నేను వినలేదు. ఆవిడ రోడ్డు అంచుకి వెళ్ళి మిగిలిన పులిహోరంతా కిందికి దులిపేశారు. కోతులు దిగి తిన్నాయి. మేము అక్కడున్నంతసేపూ వాటికేమీ కాలేదు. అది నేను చూశాను. చూసి, చెప్పలేదు.

అక్కడి నుంచి ఘాట్ దిగేదాకా ఆవిడ కొండల వైపు చూడలేదు. ప్రతి మలుపులో ఒకసారి వెనక్కి తిరిగి, ఒకసారి ముందుకి వంగి, "వదినగారూ, మీకు బాగుందా? అమ్మాయీ, నీకేటీ తిప్పట్లేదు కదా?" అని అడుగుతూనే ఉన్నారు. నాకు ఆ దారి మొత్తంలో బాగా గుర్తున్నది ఆ గొంతే.

ఇంటికొచ్చాక మా ఆవిడ మంచం మీద దుప్పటి నా మీదికి విసిరి, "ఫోన్ సేసి సెప్పండి" అంది.

"జ్వరం తగ్గనీ."

"ఉందని ఇప్పుడు ఒప్పుకున్నారా? సరే, తగ్గాకే సెప్పండి. నేను మాత్రం సెప్పను. కక్కింది మీరు."

జ్వరం తగ్గింది. చెప్పలేదు. రోజులు గడిచినకొద్దీ చెప్పడం కష్టమైంది. మేము యలమంచిలి వెళ్ళినప్పుడల్లా భోజనం హోటల్ నుంచి వచ్చేది. "మా వంట మీకు పడదు కదా అన్నయ్యగారూ" అనేవారు ఆవిడ, నవ్వుతూనే. మనవరాలి బారసాలకి పులిహోర కేటరింగ్ వాళ్ళు కలిపారు. ఆవిడ గంగాళం వైపు వెళ్ళకుండా, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందిస్తూ తిరిగారు. ఆ పులిహోర కూడా తిన్నాను. దానిలో ఉప్పు తప్ప ఏమీ లేదు.

తర్వాత గొలుగొండలో ఒక పెళ్ళికి వెళ్తే, మా దూరపు బావమరిది ఒకడు పదిమందిలో నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం బావా, వియ్యపురాలి పులిహోర తిని సెలైన్ దాకా ఎల్లొచ్చావంట గదా! ఇన్సూరెన్స్ ఉందా?" అందరూ నవ్వారు. వెనక్కి తిరిగి చూస్తే మా వియ్యపురాలు పెళ్ళికూతురి తల్లితో మాట్లాడుతూ అక్కడే ఉన్నారు. మాట్లాడటం ఆపేశారు.

మర్నాడే యలమంచిలి వెళ్ళి, ఆవిడకీ ఆయనకీ ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. జ్వరం, మాత్రలు, చెమట, కోతులు.

ముందు వియ్యంకుడుగారు మండిపడ్డారు. "అదేటండి బావగారూ! అప్పట్నుంచీ మా ఇంట్లో పులిహోర లేదండి! అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నేనేం సేశానండి మీకు?"

ఆవిడ మాత్రం, "నాకు సెప్తే సరిపోద్దా అన్నయ్యగారూ? నవ్వినోళ్ళకి సెప్పండి" అన్నారు.

న్యాయమే. గొలుగొండ వెళ్ళి ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఎవరూ నమ్మలేదు. వియ్యంకులంటే ఒకరినొకరు వెనకేసుకురావాలి కదా. "పెద్దమనిషివి బావా, తప్పు నీ మీదేసుకున్నావు. ఆవిడ అదృష్టం" అని కాఫీ ఇచ్చాడు బావమరిది. నేను ఎంత గట్టిగా చెబితే పులిహోర అంత చెడ్డదైంది. నా మర్యాదకి నాలుగు ఊళ్ళలో పేరొచ్చింది.

ఈ సంగతి విని ఆవిడే ఉపాయం చెప్పారు. మొన్న చలికాలం ఒక వ్యాన్ మాట్లాడి గొలుగొండ వాళ్ళందర్నీ ఎక్కించారు. అదే దారి. అవే చెట్లు, తలలు లేకుండా. అదే చోట క్యారేజీ విప్పి, మొదటి ఆకు నా ముందు పెట్టారు.

"అందరూ వినండి. నాకు నిన్నట్నుంచి గొంతునొప్పి. జలుబు కూడా ఉంది. మాత్రలు వేసుకోలేదు" అని వెనక వరసకి వినబడేలా చెప్పి, మొదలుపెట్టాను. ఘాటు నడినెత్తికెక్కి కళ్ళనీళ్ళు వచ్చాయి. అవి ఆవ వల్ల అని కూడా చెప్పాను. ఆ తర్వాత ఘాట్ దిగేదాకా వ్యాన్‌లో ఒక్కరూ లోయ చూడలేదు. అందరూ నా మొహమే చూశారు. కల్వర్టు దగ్గర డ్రైవర్ అడక్కుండానే స్లో చేశాడు. నేను పోనీమన్నాను.

డౌనూరులో దిగి టీ తాగుతుంటే ఆవిడ వచ్చి, "ఒంట్లో ఎలగుంది అన్నయ్యగారూ?" అన్నారు.

"గొంతునొప్పి అలాగే ఉంది. కడుపు బాగుంది."

మా వెనకాల బావమరిది ఎవరితోనో అంటున్నాడు. "మొహమాటానికి తిన్నాడు, పాపం. ఆ కళ్ళనీళ్ళు సూశావా?"

ఆవిడా విన్నారు. టీ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశారు.

"అయితే ఇంక రాసీండి" అన్నారు.

అందుకే రాశాను. ఆవ ఆ పొద్దున్నే నూరినట్టు కూడా రాయమన్నారు. రెండుసార్లూ ఆ పొద్దున్నే నూరారు.