రెండో ఆల్బమ్‌లో బావగారి డ్రమ్స్

మా రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌ని అమలాపురంలో, మా చర్చి హాల్లోనే రికార్డు చేసేశాం. పాడేది నేను. నలుగురం ఎదురెదురుగా చేరి, రెండు మైకులు పెట్టుకుని, అంతే. ఎవరు వింటార్లే అనుకుంటే జనం తెగ విన్నారు. ఇంకేముంది, నాకు కళ్లు నెత్తికెక్కాయి. రెండోది హైదరాబాద్ స్టూడియోలోనే చెయ్యాలని పట్టుబట్టింది నేనే.

అక్కడ డ్రమ్స్ వాయించే మా బావగారిని, అంటే మా అక్క భర్తని, అద్దాల గదిలో విడిగా కూర్చోబెట్టారు. చెవుల్లో టిక్ టిక్ అని ఒక యంత్రం కొడుతూ ఉంటుంది, దాని ప్రకారమే వాయించాలట. బావగారు చిన్నప్పట్నుంచీ చర్చిలో వాయించిన మనిషి. మా సంఘంలో పెద్దవాళ్లు చరణం చివర బాగా సాగదీస్తారు. ఆయన వాళ్ల ముఖాలు చూస్తూ, ఊపిరి తీసుకునేదాకా ఆగి, అప్పుడు దెబ్బ వేస్తారు. ఆ టిక్కు ఎవరికోసం ఆగుతుంది? రెండు రోజుల్లో ఒక్క పాటా పూర్తి కాలేదు.

డ్రమ్స్ కంప్యూటర్‌లో వేసేద్దాం, ఎవరికీ తెలియదు అన్నాడు రికార్డింగ్ ఇంజనీర్. నేను సిగ్గులేకుండా తలూపాను. ఊపానే గానీ, ఆ మాట బావగారితో చెప్పడానికి నోరు రాలేదు. అక్క మొగుణ్ణి పక్కన పెట్టడమంటే మాటలా! తిరుగు బస్సులో ఆయన నా చేతిలో జంతికలు పెడుతూనే ఉన్నారు. నేను వాటిని ఒక్కొక్కటే జేబులో వేసుకున్నాను.

ఇంటికొచ్చి పాత ఆల్బమ్ పెట్టుకుని విన్నాను. ప్రతి పాటలోనూ నేను ఊపిరి తీసుకునే చోట డ్రమ్ము నాకోసం కాస్త ఆగుతోంది. పాటకి ప్రాణం అక్కడే ఉంది. నా మతి మండ, ఇన్నాళ్లూ అదంతా నా గొంతు గొప్ప అనుకున్నాను. వెంటనే ఇంజనీర్‌కి ఫోన్ చేసి కంప్యూటర్ వద్దన్నాను.

మళ్లీ మా ఊళ్లోనే చేద్దామంటే చర్చి హాలుకి రంగులేస్తున్నారు. కొత్తపేట దగ్గర కొబ్బరికాయల గోడౌన్ దొరికింది. రేకుల కప్పు కింద ఏది వాయించినా చెవులు గింగుర్లెత్తాయి. గోడౌన్ యజమాని పీచు బస్తాలు గోడల పొడుగునా పేర్పించాడు. మోత అణిగింది, మాకు తుమ్ములు పట్టుకున్నాయి. రెండు మైకులు పెట్టుకుని నలుగురం మళ్లీ ఎదురెదురుగా చేరాం. బావగారు నా ముఖం చూస్తూ వాయించారు. మొదటి పాట మూడోసారికే కుదిరిపోయింది. అబ్బ, గుండెల మీద బరువు దిగినట్టయింది. అక్కడే ఒక బస్తా మీద కూలబడ్డాను.

ఆ తేలికలోనే నిజం కక్కేశాను.

"బావగారూ, హైదరాబాద్‌లో మీ బదులు కంప్యూటర్ పెట్టడానికి నేను ఒప్పేసుకున్నానండి."

ఆయన మెడమీద చెమట తుడుచుకుంటున్నారు.

"ఆయ్, తెలుసు. ఇంజనీరు మాట నా చెవుల్లోకి వినపడిపోయింది, నువ్వు తలూపడం అద్దంలోంచి చూసేను."

"మరి నన్నొక్క మాటైనా అనలేదేంటండీ?"

"అంటే నువ్వు మొహమాటానికి నన్ను ఉంచేసేవోడివి. బావననేసి ఉంచితే, ఇంక నేను వాయించడం ఎందుకు?"