ఎడమవైపు గోడ

మామగారి కంచంలో కుడి సగం ఖాళీ అవుతుంది. ఎడమ సగం వడ్డించినది వడ్డించినట్టే ఉంటుంది. మధ్యలో ఎవరో గీత గీసినట్టు అన్నం అక్కడితో ఆగిపోతుంది.

"ఇంకాస్త పెట్టమ్మా, ఆకలి తీరలేదు" అంటాడాయన, ఎదురుగా అన్నం పెట్టుకునే. కోడలు కంచాన్ని తిప్పుతుంది. దాంతో మిగతా సగం కుడివైపుకొస్తుంది. అప్పుడు తింటాడు.

రిటైరయ్యేదాకా బస్సు నడిపిన మనిషి. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. కళ్లకు ఏమీ కాలేదు. ఎడమవైపు అనేది ఒకటుందన్న సంగతే మెదడు మర్చిపోయింది. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి విడమరిచి చెప్పింది.

"కాలికి బలం వస్తోందండీ. కానీ ఎడమవైపు చూడని మనిషిని నడిపిస్తే గుమ్మానికి గుద్దుకుని పడతారు. ముందు ఆయనంతట ఆయన అటు తిరగాలి. మెడ పట్టుకుని తిప్పకండి. మెరిసేదో కదిలేదో అటువైపు పెట్టి చూడండి."

అటువైపు ఉన్నది ఉత్త గోడ. అద్దె ఇల్లు కాబట్టి మేకు కొట్టడానికి వీల్లేదు. కొనడానికి చేతిలో చిల్లర కూడా లేదు. అయినా కోడలు దిగులు పడలేదు. ఆమె చొక్కాల దుకాణంలో గుండీలు కుడుతుంది. వీధిలో ఆమెకున్న పేరు పారెయ్యకమ్మ. ఎవరింటి చెత్తబుట్ట గడప దాటినా "పారెయ్యకు, పారెయ్యకు" అంటూ అడ్డం పడే అలవాటు వల్ల వచ్చిన పేరది. ఆ ఇంట్లో నూనె డబ్బాలో మొక్క పెరుగుతోంది. చిరిగిన చీరలు జడలల్లుకుని గుమ్మం ముందు కాళ్లపట్టాగా పడుకున్నాయి.

"మనింట్లో చెత్త కూడా అద్దె కట్టకుండా కాపురం ఉంటోంది" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

కిటికీ ఊచ నుంచి తలుపు బందు దాకా బట్టలారేసే తాడు లాగి కట్టింది కోడలు. ముందు పనికిరాని గుండీలన్నీ గుచ్చి మంచానికి ఎడమవైపు తెరలా వేలాడదీసింది. ఆయన కుడివైపున్న కిటికీకేసే చూస్తూ పడుకున్నాడు. తర్వాత అటక మీది గొడుగు దింపింది. బట్ట ఎప్పుడో పోయింది, ఊచలు మిగిలాయి. ఒక్కో ఊచకు ఇంట్లోని చెంచాలూ, కాడ ఊడిన గరిటెలూ దారంతో కట్టింది. దాన్ని తాడుకు తగిలించి, పొద్దుటి ఎండ కోసం మంచం పక్కనే కూర్చుంది.

ఎండ వచ్చింది. గొడుగు మెల్లగా తిరిగింది. గోడంతా వెలుగు చుక్కలు లేచాయి. నీళ్ల అడుగున ఉన్నట్టు ఎడమవైపంతా కదిలింది. పగుళ్లు, చెమ్మ మరకలు, పాత సున్నం, అన్నీ ఆ వెలుగులో మునిగిపోయాయి. ఎదురింటి టైలరు పంటి కింద సూది ఉన్న సంగతి మరిచి నోరు తెరిచాడు. మెట్ల మీద వరసగా జనం నిలబడ్డారు. అత్తగారు దగ్గరికొచ్చి చూసింది.

"ఏమే, ఇవి మన చెంచాలేనా?"

"మనవే అత్తయ్యా."

"ఇన్నాళ్లూ వీటితో పప్పు కలుపుతున్నానే!"

మామగారు కిటికీవైపే చూస్తున్నాడు. "ఎవరమ్మా అంతమంది వచ్చారు?" అని కిటికీనే అడిగాడు.

జనం ఒక్కొక్కరే మెట్లు దిగిపోయారు. వాళ్లు వెళ్లాక కోడలు గొడుగు కేసి చాలాసేపు చూసింది. అంత అందం చేసినా అందాల్సినవాడికి అందలేదు. అత్తగారు భుజం తట్టి, "నా చెంచాలు నాకిచ్చెయ్, మజ్జిగ కలపాలి" అంది. ఓదార్చడం ఆవిడకు అలాగే వచ్చు.

మర్నాడు కోడలు గొడుగు తీసేసి, వంటింట్లోంచి అన్నం గిన్నె మూత తెచ్చింది. ఉబ్బెత్తుగా, పెద్ద స్టీలు మూత. బూడిదతో తళతళలాడేలా తోమి, పిడిని ఆ తాడుకే బిగించి కట్టింది. దుకాణానికి వేళవుతోంది. హడావుడిలో ముడి ఒక పక్కకు పడి మూత కిందికి వాలిపోయింది. వచ్చాక సరిచేద్దాంలే అనుకుని చెప్పుల కోసం వెతుక్కుంటోంది.

మూత మీది ఎండ వెళ్లి కిటికీ పక్క గోడ మీద పడింది. అరచేయంత వెలుగు. మామగారు దాన్ని చూశాడు. మూత ఊగింది, వెలుగు పైకప్పు మీదికి పాకింది. ఆయన కళ్లు దాని వెంటే వెళ్లాయి. నడిమి దూలం దగ్గర ఆగాయి. కోడలు చెప్పులు వెతకడం ఆపింది. వెలుగు దూలం దాటింది. కళ్లు దాటాయి. మెడ కదిలింది. గడ్డం దిండు మీదుగా నెమ్మదిగా జరిగి, మొహం ఎడమవైపు గోడకు ఎదురుగా నిలిచింది.

మూతకేసి చూసి ఆయన మొహం చిట్లించాడు.

"అద్దం అలా వాల్చి పెట్టిందెవరమ్మా? ఎక్కేవాళ్లు ఎలా కనబడతారు?"

ఎడమ అద్దంలో మెట్టు మీద ఎవరూ లేరని చూసుకున్నాకే బండి కదిలించిన మనిషి ఆయన. అద్దం వంకరగా ఉంటే ఆగలేడు.

కోడలు మూత అంచు పట్టుకుని పైకెత్తింది. "చాలా మామయ్యా?"

"ఇంకా ఎత్తు. అంత వద్దు... బయటికి తిప్పు. ఆఁ! అక్కడ ఉంచు."

ఆ మూతలో గదంతా చిన్నదై వంపు తిరిగి కనిపిస్తోంది. కిటికీ, మంచం, తలుపు. తలుపు దగ్గర అత్తగారు.

"నా మూతెక్కడే? అన్నం చల్లారి..." అంటూ వచ్చిన ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అదిగో, ఎక్కడానికి ఒకావిడ నిలబడింది" అన్నాడాయన మూతలోకి చూస్తూ.

అత్తగారు వెనక్కి వెళ్లి గిన్నె మీద పళ్లెం బోర్లించింది. కోడలు ఆ పూట దుకాణానికి వెళ్లలేదు.

మధ్యాహ్నం అన్నం పెట్టి, కంచం తిప్పకుండా పక్కన కూర్చుంది. ఆయన చేయి గీత దగ్గర ఆగింది. మూతలోకి ఒకసారి చూశాడు. చేయి గీత దాటింది.

ఎడమవైపు నాలుగు ముద్దలే మిగిలాయి.